థీసిస్‌లో గెలిచిన షెడ్యూలింగ్ అల్గారిథమ్ అసలు క్లౌడ్‌లో ఎందుకు కనిపించదు?

కాకినాడ కుర్రాడు

అందరికీ నమస్కారం. ఎం.టెక్. చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నా అంశం క్లౌడ్‌లో టాస్క్ షెడ్యూలింగ్, అంటే ఏ పనిని ఏ యంత్రానికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చడం. క్లౌడ్‌సిమ్ అనే సిమ్యులేటర్‌లో పార్టికల్ స్వార్మ్ పద్ధతిని (పక్షుల గుంపులా మంచి జవాబు కోసం వెతికేది) కొద్దిగా మార్చి, రౌండ్ రాబిన్ (వంతులవారీగా ఇవ్వడం), మిన్-మిన్ (చిన్న పని ముందు), మాక్స్-మిన్ (పెద్ద పని ముందు) పద్ధతులతో పోల్చాను. మొత్తం పనులు ముగిసే సమయం, అదే మేక్‌స్పాన్, నా పద్ధతికే అన్నిటికంటే తక్కువ వచ్చింది. గ్రాఫులు చూడముచ్చటగా ఉన్నాయి.

అయితే రిక్వెస్టులను సర్వర్లకు పంచే ఎన్‌జిన్‌ఎక్స్, హెచ్‌ఏప్రాక్సీ, కంటెయినర్లను నడిపే కుబర్నెటీస్ డాక్యుమెంటేషన్ అంతా తిరగేశాను. స్వార్మ్ లేదు, చీమల గుంపు లేదు, జెనెటిక్ అల్గారిథమ్ లేదు. రౌండ్ రాబిన్, లీస్ట్ కనెక్షన్స్ (తక్కువ కనెక్షన్లు ఉన్నదానికి ఇవ్వడం), రాండమ్, హాష్ (రిక్వెస్టులోని ఏదో ఒక విలువను బట్టి సర్వర్‌ను నిర్ణయించడం). ఇంతే. ఇన్ని పరిశోధనా పత్రాలు వస్తుంటే పరిశ్రమ ఇంకా వీటి దగ్గరే ఎందుకు ఆగిపోయింది? వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రోజూ ఈ పని చేసేవాళ్లు ఎవరైనా చెబుతారా?

రాత్రి డ్యూటీ

ఆగిపోలేదండీ. మీ సమస్య వేరు, మా సమస్య వేరు.

క్లౌడ్‌సిమ్‌లో ప్రతి క్లౌడ్‌లెట్‌కూ (అక్కడ పనికి పెట్టిన పేరు) ఇన్ని మిలియన్ల ఇన్‌స్ట్రక్షన్లు అని మీరే రాసిస్తారు. ప్రతి వర్చువల్ మెషీన్ వేగమూ మీరే రాసిస్తారు. ఆ రెండూ చేతిలో ఉన్నాక మిగిలింది లెక్క మాత్రమే. నా దగ్గరికి వచ్చే రిక్వెస్టు నుదుటి మీద అది ఎంతసేపు పడుతుందో రాసి ఉండదు. ఒకే పేజీ, ఒకే యూఆర్‌ఎల్. నిన్న ఖాతా తెరిచిన మనిషికి 4 మిల్లీసెకన్లు, పదేళ్ల లావాదేవీలు ఉన్న మనిషికి 4 సెకన్లు. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ కంటికి రెండూ ఒకటే.

పైగా మీ స్వార్మ్ ఆవృత్తుల మీద ఆవృత్తులు తిరిగి మంచి జవాబు తేల్చేలోపు ఇక్కడ వేల రిక్వెస్టులు వచ్చి పడతాయి. నిర్ణయానికి నాకు దొరికేది మైక్రోసెకన్లు. మీ మేక్‌స్పాన్‌లో అల్గారిథమ్ తాను ఆలోచించుకోవడానికి తీసుకున్న సమయం కలిపారా? ఊరికే అడుగుతున్నాను, కోపం వద్దు.

గ్రాఫు కాగితం

పనుల పొడవు ముందే తెలిస్తే మిగిలింది లెక్క మాత్రమే అన్న మాట దగ్గర నేను ఆగుతాను. ఆ లెక్కే చాలా వింతగా ప్రవర్తిస్తుంది. 1966లో బెల్ ల్యాబ్స్‌లో రోనాల్డ్ గ్రాహమ్ చూపించిన ఉదాహరణ ఇది. క్లాసులో ప్రతి ఏటా చెబుతాను, ప్రతి ఏటా సగం మంది నమ్మరు. కాబట్టి పెన్సిల్ పట్టుకుని చదవండి.

తొమ్మిది పనులు. వాటి సమయాలు నిమిషాల్లో వరుసగా 3, 2, 2, 2, 4, 4, 4, 4, 9. షరతులు రెండే. ఒకటో పని ముగిస్తేనే తొమ్మిదోది మొదలవ్వాలి. నాలుగో పని ముగిస్తేనే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది మొదలవ్వాలి. ఖాళీ అయిన యంత్రం జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, సిద్ధంగా ఉన్న మొదటి పనిని తీసుకుంటుంది.

మూడు యంత్రాలతో మొదలుపెడదాం. 3వ నిమిషానికి ఒకటో పని ముగుస్తుంది. అప్పటికి నాలుగో పని ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి ఐదు నుంచి ఎనిమిది దాకా ఏవీ సిద్ధంగా లేవు. ఖాళీ అయిన యంత్రం నేరుగా తొమ్మిదో పనిని పట్టుకుంటుంది, 12కి ముగిస్తుంది. మిగిలిన నాలుగు పనులూ మిగిలిన రెండు యంత్రాల మీద రెండేసి చొప్పున 4 నుంచి 12 దాకా. అన్నీ ఒకేసారి, 12కి ముగిశాయి.

ఇప్పుడు మేనేజర్ దయతలచి నాలుగో యంత్రం ఇప్పించాడనుకోండి. నాలుగో పని 0కే మొదలై 2కే అయిపోతుంది. వెంటనే ఐదు, ఆరు, ఏడు మూడు యంత్రాలెక్కుతాయి. 3కి ఖాళీ అయిన యంత్రానికి జాబితాలో ముందు కనబడేది ఎనిమిది, దాన్ని తీసుకుంటుంది. అన్నిటికంటే పొడవైన తొమ్మిదో పని 6 దాకా ఎదురుచూసి, 15కి ముగుస్తుంది.

యంత్రం పెంచితే 12 కాస్తా 15 అయింది! సరే, యంత్రాలు మూడే ఉంచి ప్రతి పనినీ ఒక నిమిషం తగ్గించి చూడండి. 11 వస్తుందని ఆశపడతాం, 13 వస్తుంది. షెడ్యూలింగ్‌లో మన సహజజ్ఞానం ఎంత నమ్మదగనిదో దీన్నిబట్టి చూడండి.

ఊరట ఏమిటంటే నష్టానికి హద్దు ఉంది. ఇలా దొరికిన పని దొరికినట్టు అంటగట్టినా, m యంత్రాల మీద అత్యుత్తమ సమయానికి 2 − 1/m రెట్లు దాటదని గ్రాహమే నిరూపించారు. పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడనప్పుడు పెద్దవాటిని ముందు ఎక్కిస్తే ఆ హద్దు 4/3 − 1/(3m)కి దిగుతుంది. ఇది 1969 మాట. ఒక్క పంక్తి నియమానికి ఇంత హామీ ఉంటే, స్వార్మ్ అదనంగా సాధించడానికి మిగిలిన చోటు ఎంత? రౌండ్ రాబిన్‌ను ఓడించడం ఘనత కాదు. ఈ నియమాన్ని ఓడించి చూపించండి.

కాకినాడ కుర్రాడు

కాగితం మీద వేసి చూశాను సార్, 15 వచ్చింది. మా హాస్టల్‌లో ఇద్దరికి చూపిస్తే వాళ్లూ నమ్మలేదు.

ఆన్‌లైన్‌లో వచ్చే రిక్వెస్టుల విషయంలో లీస్ట్ కనెక్షన్స్‌కు మించినది ఉండదేమో అనిపిస్తోంది. ఎవరి దగ్గర పని తక్కువగా ఉంటే వారికే ఇవ్వడం కదా. పొడవు తెలియాల్సిన అవసరమే లేదు.

రాత్రి డ్యూటీ

చెప్పడానికి బాగుంటుంది. మేం ఒక చోట దాన్నే నమ్ముకుని నడిపాం. ఒక రాత్రి ఒక సర్వర్‌లో డిస్కు నిండిపోయింది. లాగ్ రాయలేక, వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ మిల్లీసెకనులో 500 ఎర్రర్ (సర్వర్‌లో లోపం అనే జవాబు) కొట్టి పంపేస్తోంది. మిగతా సర్వర్లు నిజంగా పని చేస్తున్నాయి కాబట్టి ఒక్కో రిక్వెస్టుకు రెండు మూడు వందల మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయి. ఇప్పుడు చెప్పండి, ఏ క్షణంలో చూసినా ఎవరి దగ్గర కనెక్షన్లు తక్కువ? చెడిపోయినదాని దగ్గరే. లోడ్ బ్యాలెన్సర్ నిజాయితీగా తన పని తాను చేసుకుంటూ వాడుకరులను వరసపెట్టి దాని నోట్లోకే పంపింది. మంచి సర్వర్ల సీపీయూ గ్రాఫు మెల్లగా కిందకి జారుతుంటే లోడ్ తగ్గిందనే అనిపిస్తుంది. హెల్త్ చెక్ అంతసేపూ పచ్చగానే ఉంది, ఎందుకంటే అది అడిగేది ప్రాసెస్ బతికి ఉందా అని మాత్రమే.

కొత్త సర్వర్ చేర్చినప్పుడు ఇంకో రకం చిక్కు. దాని దగ్గర కనెక్షన్లు సున్నా. ఆ క్షణం నుంచి వచ్చేదంతా దాని మీదే. క్యాష్ ఖాళీ, జావా అయితే కోడ్ ఇంకా వేడెక్కలేదు. పుట్టీ పుట్టగానే కూలుతుంది. అందుకే హెచ్‌ఏప్రాక్సీలో కొత్త సర్వర్‌కు రిక్వెస్టులను మెల్లగా పెంచుతూ పంపే స్లోస్టార్ట్ అనే అమరిక ఉంది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లోనూ అదే పేరుతో 30 నుంచి 900 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు.

లిఫీ గట్టు

డబ్లిన్ నుంచి. ఇంకో మెలిక కూడా ఉంది, లోడ్ బ్యాలెన్సర్ ఒక్కటే ఉండదు. పెద్ద వ్యవస్థలో అవి పదుల్లో, వందల్లో ఉంటాయి. ప్రతిదానికీ సర్వర్ల పరిస్థితి కొంచెం పాతబడ్డాకే తెలుస్తుంది. అందరికీ ఒకేసారి ‘ఏడో సర్వర్ ఖాళీ’ అని తెలిస్తే అందరూ ఏడో సర్వర్ మీద పడతారు. మరుసటి కబురు అందేసరికి ఏడోది నిండిపోయి పదకొండోది ఖాళీ. గుంపు అటు పరుగెడుతుంది. పాత సమాచారంతో అత్యుత్తమాన్ని ఎంచుకోవడం గుడ్డిగా ఎంచుకోవడం కంటే హీనంగా మారే సందర్భాలు ఉన్నాయి.

దీనికి విరుగుడు చిత్రంగా చాలా చిన్నది. ఏవో రెండు సర్వర్లను యాదృచ్ఛికంగా తీసుకో, ఆ రెండిట్లో తక్కువ పని ఉన్నదానికి ఇవ్వు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లు ఇరవై ఉంటే అన్నీ లెక్కపెట్టుకుంటూ తిరగకుండా, కంటికి కనిపించిన రెండింటిలో చిన్న వరుసలో నిలబడటం లాంటిది. దీని వెనకున్న గణితాన్ని 1994లో అజార్, బ్రోడర్, కార్లిన్, ఉప్‌ఫాల్ రాశారు. క్యూలకు దాన్ని అన్వయించినది 1996 నాటి మిట్జెన్‌మాకర్ డాక్టరేట్. n బంతులను n డబ్బాల్లోకి గుడ్డిగా వేస్తే అన్నిటికంటే నిండిన డబ్బాలో దాదాపు లాగ్ n / లాగ్ లాగ్ n బంతులు పడతాయి. రెండు చూసి ఒకటి ఎంచుకుంటే అది లాగ్ లాగ్ n స్థాయికి పడిపోతుంది. రెండు బదులు మూడు చూస్తే వచ్చే అదనపు లాభం స్వల్పమే. ఒకటి నుంచి రెండుకు మారడంలోనే అసలు లాభం ఉంది.

మీరు డాక్యుమెంటేషన్‌లో ‘రాండమ్’ అని చదివి దాటేసినది చాలాచోట్ల ఇదే. హెచ్‌ఏప్రాక్సీలో రాండమ్ అంటే రెండు తీసి పోల్చడం. ఎన్‌జిన్‌ఎక్స్‌లో 2018లో వచ్చింది. ఎన్వాయ్ అనే ప్రాక్సీలో లీస్ట్ రిక్వెస్ట్ అన్నది కూడా, సర్వర్లకిచ్చిన బరువులు సమానంగా ఉంటే, లోపల ఇదే. కాబట్టి పరిశ్రమ ఆగిపోయిందనకండి, పరిశోధనను తీసుకుంది. చాలా చిన్నదాన్ని ఏరుకుంది, అంతే.

పాత మెయిన్‌ఫ్రేమ్

అందరూ సమంగా పంచడం ఎలాగన్నదే మాట్లాడుతున్నారు. సమంగా ఎందుకు పంచాలి? ఒక్కరైనా అడిగారా?

నేను పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఐబీఎం 1994లో తన మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్/ఈఎస్‌ఏ 5.1తో వర్క్‌లోడ్ మేనేజర్ ఇచ్చింది. దానికి మేం ‘ఈ యంత్రం మీద ఇంత శాతం ఉంచు’ అని చెప్పేవాళ్లం కాదు. ‘ఆన్‌లైన్ లావాదేవీల్లో 90 శాతం అర సెకనులోపు పూర్తి కావాలి, దీని ప్రాముఖ్యం ఒకటి. రాత్రి బ్యాచ్ పనులకు మిగిలిందే పెట్టు’ అని లక్ష్యం రాసిచ్చేవాళ్లం. లక్ష్యం తప్పుతున్న పనికి వనరులు తెచ్చి ఇవ్వడం, నెరవేరుతున్నదాని దగ్గర నుంచి తీసుకోవడం దాని పని. సీపీయూ 100 శాతం కనిపిస్తే మేం కంగారుపడేవాళ్లం కాదు, లక్ష్యం నెరవేరుతోందా అని చూసేవాళ్లం. ఇప్పటి పిల్లలు 80 శాతానికే అలారం మోగించుకుని అర్ధరాత్రి లేస్తున్నారు.

లిఫీ గట్టు

పెద్దాయన అన్నదాంట్లో వేళాకోళం పక్కన పెడితే, నెట్‌వర్క్ వ్యవస్థల మీద జరిగే ఎన్‌ఎస్‌డీఐ సదస్సులో 2024లో గూగుల్ వాళ్లు ప్రచురించిన పత్రం సారాంశం సరిగ్గా ఇదే. సమం చేయాల్సింది లోడ్ కాదు అని శీర్షికలోనే చెప్పారు. ఆ వ్యవస్థ పేరు ప్రీక్వల్, యూట్యూబ్‌లో వాడుతున్నారు.

అంతకుముందు వాళ్లు సీపీయూ వాడకం అన్ని సర్వర్ల మీదా సమంగా ఉండేలా బరువులు వేసి పంచేవారు. నిమిషానికొక సగటు చూస్తే అంతా సమతలంగా కనిపిస్తుంది. సెకను సెకనుకూ చూస్తే గుట్టలూ గోతులూ. ఆ యంత్రం మీదే ఇంకొకరి పని కూడా నడుస్తుంటుంది, అది ఎప్పుడు విజృంభిస్తుందో మనకు తెలియదు. ప్రీక్వల్ సీపీయూని పట్టించుకోదు. కొన్ని సర్వర్లను ముందుగానే పలకరించి రెండే అడుగుతుంది, ‘నీ చేతిలో ఇప్పుడు ఎన్ని రిక్వెస్టులు ఉన్నాయి? ఈ మధ్య ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది?’ చేతిలో మరీ ఎక్కువ ఉన్నవాటిని వేడివిగా పక్కన పెడుతుంది. మిగిలినవాటిలో త్వరగా జవాబిచ్చేదాన్ని ఎంచుకుంటుంది. అన్నీ వేడిగానే ఉంటే తక్కువ రిక్వెస్టులు ఉన్నదానికి ఇస్తుంది.

కొత్త పాడ్

మధ్యలో అడ్డుపడుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర కుబర్నెటీస్‌లో పాడ్‌లు (నడుస్తున్న మా అప్లికేషన్ నకళ్లు) రెండు నుంచి పదికి పెరిగాయి. పాత రెండే కాలిపోతున్నాయి, కొత్త ఎనిమిది గోళ్లు గిల్లుకుంటున్నాయి. వాటి ముందు సర్వీసు ఆబ్జెక్టు ఉంది, అది పంచాలి కదా?

రాత్రి డ్యూటీ

జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) వాడుతున్నారా?

కొత్త పాడ్

అవును. ఎలా తెలిసింది?

రాత్రి డ్యూటీ

నెలకొకరు ఇదే అడుగుతారు. సర్వీసుకు వచ్చే ట్రాఫిక్‌ను పాడ్‌లకు పంచే క్యూబ్-ప్రాక్సీ ఎంపిక చేసేది కనెక్షన్ తెరిచినప్పుడు మాత్రమే. జీఆర్‌పీసీ కింద హెచ్‌టీటీపీ/2 ఉంటుంది, ఒక్క కనెక్షన్ తెరిచి రోజుల తరబడి అందులోనే అన్ని రిక్వెస్టులూ పంపుతుంది. కొత్త పాడ్‌లు వచ్చాయన్న సంగతి ఆ పాత కనెక్షన్‌కు పట్టదు. మూడు దారులున్నాయి. హెడ్‌లెస్ సర్వీసు (పాడ్‌ల చిరునామాలన్నీ నేరుగా ఇచ్చేది) పెట్టి క్లయింట్‌లోనే రౌండ్ రాబిన్ చేయించండి, లేదా ఎన్వాయ్ లాంటి ప్రాక్సీని మధ్యలో పెట్టండి. ఇవాళే మంట ఆర్పాలంటే సర్వర్ వైపు కనెక్షన్‌కు గరిష్ఠ వయసు కొన్ని నిమిషాలుగా పెట్టండి. అది తెగి మళ్లీ తెరుచుకున్నప్పుడల్లా కొత్త పాడ్‌కు అవకాశం వస్తుంది.

కాకినాడ వారికి కూడా ఇందులో ఒక విషయం ఉంది. షెడ్యూలర్ వేరు, లోడ్ బ్యాలెన్సర్ వేరు. కుబర్నెటీస్ షెడ్యూలర్ పాడ్‌ను ఏ నోడ్ (యంత్రం) మీద పెట్టాలో తేలుస్తుంది. ముందు పనికిరాని నోడ్‌లను వడకడుతుంది, మిగిలినవాటికి మార్కులు వేస్తుంది. అది చూసేది మీరు యామల్ అమరిక ఫైల్‌లో రాసిన రిక్వెస్ట్ అంకెలను (ఇంత సీపీయూ, ఇంత మెమరీ కావాలన్నవి), నిజంగా ఎంత వాడుతున్నారన్నది కాదు. ఒకసారి పెట్టాక తనంతట తానుగా కదిలించదు. కదిలించాలంటే డీషెడ్యూలర్ అని విడిగా ఒకటి పెట్టుకోవాలి. మీ థీసిస్‌లో ఈ రెండు అంచెలూ కలిసిపోయి ఉంటే ముందు విడదీయండి.

ఖర్చుల లెక్క

నేను క్లౌడ్ బిల్లు చూసే మనిషిని. ఇక్కడ అందరూ సర్వర్లను ఖాళీగా ఉంచితేనే హాయి అన్నట్టు మాట్లాడుతున్నారు. సగటు వాడకం 35 శాతం. మిగిలిన 65 శాతానికి కట్టే డబ్బు సంగతేమిటి? 90కి తీసుకెళ్లండి అంటే ఇంజినీర్లంతా ముఖాలు తిప్పుకుంటారు.

గ్రాఫు కాగితం

ముఖం తిప్పుకోవడానికి కారణం ఉంది. ఒకే సర్వర్, రాకలూ సేవా సమయాలూ యాదృచ్ఛికంగా ఉన్న అతి సరళమైన క్యూ తీసుకోండి. వాడకం 50 శాతం ఉంటే సగటు జవాబు సమయం అసలు పనికి 2 రెట్లు. 80 దగ్గర 5 రెట్లు. 90 దగ్గర 10, 95 దగ్గర 20. చివరి ఐదు శాతం మీ బిల్లులో కొద్దిగానే ఆదా చేస్తుంది, వాడుకరి ఎదురుచూపును రెట్టింపు చేస్తుంది.

అలాగని మీ బాధ అబద్ధం కాదు. జవాబు కోసం మనిషి ఎదురుచూసే పనులను, ఎప్పుడు ముగిసినా సరే అనే పనులను ఒకే యంత్రాల మీద కలపాలి. మొదటివాటికి అవసరం పడగానే రెండోవాటిని నిర్దాక్షిణ్యంగా దించేయాలి. గూగుల్ తన యంత్రాల మీద పనులను అమర్చే బోర్గ్ అనే వ్యవస్థ మీద 2015లో వచ్చిన పత్రంలో ఈ లెక్క ఉంది: ఈ రెండు రకాలను వేరువేరు యంత్రాల మీద ఉంచాల్సి వస్తే మధ్యస్థ క్లస్టర్‌కు 20 నుంచి 30 శాతం అదనపు యంత్రాలు కావాలి. మీ పొదుపు అక్కడ ఉంది.

ఖర్చుల లెక్క

ఇది మా మీటింగ్‌లో చెబుతాను. 20–30 అన్న అంకెకు ఉన్న బలం ‘క్యూ పెరుగుతుంది’ అన్న మాటకు లేదు, ఏమనుకోకండి.

లిఫీ గట్టు

సగటు గురించే మాట్లాడుతున్నాం, తోక గురించి, అంటే అరుదుగా వచ్చే బాగా ఆలస్యమైన జవాబుల గురించి ఒక ముక్క. ఒక పేజీ తయారవడానికి వంద సర్వర్లను అడగాలనుకోండి. ప్రతి సర్వరూ నూటికి ఒక్కసారే నెమ్మదిస్తుంది. అయినా నూటికి 63 పేజీలు ఆలస్యమవుతాయి, 1 నుంచి 0.99 యొక్క 100వ ఘాతాన్ని తీసేసి చూసుకోండి. గూగుల్‌కు చెందిన డీన్, బరోసో 2013లో రాసిన వ్యాసంలో దీనికి ఉపాయం ఉంది: 10 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే అదే ప్రశ్నను ఇంకో నకలుకు కూడా పంపు, ఏది ముందొస్తే అది తీసుకో. వాళ్ల బిగ్‌టేబుల్ డేటాబేస్ పరీక్షలో వెయ్యిట్లో ఒక్కటిగా ఎదురయ్యే ఆలస్యం 1800 మిల్లీసెకన్ల నుంచి 74కు దిగింది, రిక్వెస్టులు పెరిగింది 2 శాతమే.

రాత్రి డ్యూటీ

ఇది చదివి రేపే పెట్టేసేవాళ్లకు: ఆ 2 శాతానికి గట్టి కాపలా పెట్టాకే పెట్టండి. అందరూ నెమ్మదించిన రోజు ప్రతి రిక్వెస్టూ రెండు అవుతుంది. దానికి తోడు మూడు అంచెల సర్వీసులో ఒక్కో అంచె మూడేసి సార్లు ప్రయత్నిస్తే అడుగున ఉన్న డేటాబేస్ మీద ఒకటి 27 అవుతుంది. అసలు జబ్బు తగ్గినా ఈ రీట్రైల వరద తగ్గదు.

కాకినాడ కుర్రాడు

చాలా ఉపయోగపడింది. గైడ్ గారు అంశం మార్చడానికి ఒప్పుకోరు, సమయమూ లేదు. ఉన్న సిమ్యులేషన్‌లోనే ఏం మారిస్తే గౌరవంగా నిలబడుతుంది? స్వార్మ్‌ను పూర్తిగా పడేయాలా?

గ్రాఫు కాగితం

పడేయనక్కర్లేదు. దానికి తగిన చోట కూర్చోబెట్టండి. వెతుకులాట పద్ధతులను పరిశ్రమ వాడదన్నది కూడా నిజం కాదు. మెటా వాళ్ల షార్డ్ మేనేజర్ మీద 2021లో వచ్చిన పత్రం చూడండి, డేటా ముక్కలను ఏ సర్వర్ మీద ఉంచాలో తేల్చడానికి లోకల్ సెర్చ్ (ఉన్న జవాబును కొద్దికొద్దిగా మారుస్తూ మెరుగుపరచడం) వాడతారు. తేడా ఏమిటంటే అది రిక్వెస్టు దారిలో ఉండదు, పక్కన తీరుబడిగా తిరుగుతుంది. మీ స్వార్మ్ కూడా పాడ్‌లను నోడ్‌ల మీద అమర్చే పనిలో పనికొస్తుందేమో చూడండి. రిక్వెస్టులను పంచే అంచెలో రెండిట్లో ఒకటి పద్ధతి పెట్టండి.

పనుల పొడవును అల్గారిథమ్‌కు చూపించకండి. పొడవులు ఏకరీతిగా కాకుండా పారెటో పంపిణీ (చాలావరకు చిన్నవి, అరుదుగా చాలా పెద్దవి) నుంచి తీయండి. సర్వర్ల పరిస్థితి కొంత ఆలస్యంగా అందేలా చేసి, ఆ ఆలస్యాన్ని పెంచుకుంటూ పోండి. మేక్‌స్పాన్ పక్కన 99వ పర్సంటైల్ (నూటికి 99 పనులు ఆలోపే ముగిసే సమయం) గీత కూడా గీయండి. ఆ ఒక్క గ్రాఫు మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైనది అవుతుంది, అందులో మీ పద్ధతి ఓడినా సరే.

లిఫీ గట్టు

కల్పిత పనుల బదులు గూగుల్ విడుదల చేసిన క్లస్టర్ ట్రేస్ (అసలు యంత్రాల మీద నడిచిన పనుల రికార్డు) వాడండి. 2011ది 29 రోజులు, సుమారు 12,500 యంత్రాలు, ఒకే సెల్ (కలిపి నడిపే యంత్రాల గుంపు). 2019ది ఎనిమిది సెల్‌లు, కానీ గూగుల్ ఆన్‌లైన్ డేటాబేస్ బిగ్‌క్వెరీలో ఉంటుంది, హాస్టల్ నెట్‌తో కుస్తీ పట్టకండి. 2011ది సీఎస్‌వీ ఫైళ్లుగా దొరుకుతుంది, అందులో మొదటి ఒకటి రెండు రోజులు తీసుకున్నా మీకు చాలు.

కాకినాడ కుర్రాడు

దిగుమతి మొదలుపెట్టాను. సీపీయూ కాలమ్‌లో అన్నీ 0.5, 0.25 అని ఉన్నాయి. ఇవి కోర్‌లా?

లిఫీ గట్టు

కోర్‌లు కావు. అతిపెద్ద యంత్రాన్ని 1గా తీసుకుని మిగతావి దాని వంతుగా రాశారు. మీ క్లౌడ్‌సిమ్‌లో కూడా పెద్ద హోస్ట్‌ను 1గా పెట్టుకుని అదే నిష్పత్తిలో మిగతా హోస్ట్‌లను తయారుచేసుకోండి, లేకపోతే అంకెలు కలవవు.